బియ్యం డబ్బాతో పల్లీలు కొలిస్తే

మన హాస్టల్లో కొన్నాళ్లయినా ఉన్నవాళ్లకు పల్లీ చట్నీ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. బాగుంటే రెండోసారి లైనులో నిలబడతాం. పలచగా ఉంటే వంటవాళ్లను తిట్టుకుంటాం. ఈసారి సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మేము నలుగురం ఫోన్లో మాట్లాడుకున్నాం. ఆటలు, పరీక్షలు, సెకండ్ షో సినిమాల గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు, మనం ఆ చట్నీ లెక్క రాద్దాం అనుకున్నాం. లెక్క చెప్పాలంటే ముందు మా తప్పు చెప్పుకోవాలి.

2004లో మేము తొమ్మిదో తరగతి. మెస్ కమిటీలో మా నలుగురి పేర్లు వేశారు. స్టోరు రూములోంచి సరుకులు తీసి ఇచ్చేటప్పుడు పక్కన నిలబడటం, ఎంత తీశారో పుస్తకంలో రాయడం మా పని. స్టోరులో కాటా ఉంది. కానీ పొద్దున్నే పళ్లాలు తుడిచి, రాళ్లు వెతికి, ఒక్కో సరుకూ తూచే ఓపిక మాకెక్కడిది? గూట్లో ఒక పాత డాల్డా డబ్బా ఉండేది. మాకంటే ముందు బ్యాచి వాళ్లెవరో దాని మీద మేకుతో '1 కిలో' అని గీశారు. ఆ డబ్బాతో ఎన్నిసార్లు ముంచితే అన్ని కిలోలు. బియ్యం అయినా అంతే, కందిపప్పు అయినా అంతే, పల్లీలు అయినా అంతే.

ఆదివారం ఉదయం ఉప్మాలోకి పల్లీ చట్నీ. పిల్లలం 120 మందిమి. మనిషికి 25 గ్రాముల పల్లీలు అనుకుంటే 3 కిలోలు కావాలి. మూడు డబ్బాలు ముంచి ఇచ్చాం, పుస్తకంలో '3 కిలోలు' అని రాశాం. ఆ నెలలో నాలుగు ఆదివారాలూ చట్నీ నీళ్లలాగే ఉంది. మూడు కిలోల పల్లీలు వేస్తే చట్నీ ఇలా ఉంటుందా అని డార్మిటరీలో గుసగుసలు మొదలయ్యాయి.

నెలాఖరుకు మిగులు చూశాం. నెల మొదట్లో వచ్చింది 15 కిలోల సంచి. నాలుగు వారాలకు 12 కిలోలు పోగా 3 కిలోలు మిగలాలి. అదే డబ్బాతో కొలిస్తే ఏడున్నర డబ్బాలు వచ్చాయి. మూడు ఉండాల్సిన చోట ఏడున్నర! తక్కువ వస్తే ఎవరైనా తిన్నారని అనుకుంటాం, ఎక్కువ వస్తే ఏమనుకోవాలి? మా బుర్రలకు ఒకటే తోచింది. మేము ఇచ్చిన పల్లీలు వంట పెద్దమ్మ పూర్తిగా వేయకుండా, కొన్ని మళ్లీ సంచిలో పోస్తోంది, అదను చూసి ఇంటికి పట్టుకెళ్తుంది. చట్నీ పలచన ఒక సాక్ష్యం, సంచిలో మిగులు రెండో సాక్ష్యం. మాలో ఒకడు ఆ మాట ఆమె మొహం మీదే అనేశాడు. ఎవడన్నాడో ఇప్పటికీ మేము ఒకరి మీద ఒకరం తోసుకుంటాం. మిగిలిన ముగ్గురం అక్కడే నిలబడి ఊరుకున్నాం కాబట్టి నలుగురం అన్నట్టే.

పెద్దమ్మ గరిటె కింద పెట్టి మా వంక చూసింది. 'నేను తీసింది మీ డబ్బాతోనే కదయ్యా. నన్నెందుకు అడుగుతారు, ఆ డబ్బానే అడగండి' అంది. తర్వాత రెండు రోజులు మాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం ఎప్పట్లాగే వడ్డించింది.

విషయం వార్డెన్ గారి దాకా వెళ్లింది. ఆయన మమ్మల్ని కోప్పడలేదు. కాటా దింపమన్నారు. ముందు డబ్బా నిండా బియ్యం పోసి తూచమన్నారు. కిలో రాయికి సరిగ్గా సమానంగా నిలబడింది. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం, మా డబ్బా అబద్ధం చెప్పలేదని. 'ఇప్పుడు పల్లీలు పోయండి' అన్నారు. కిలో రాయి పళ్లెం కదల్లేదు. రాళ్లు మారుస్తూ చూస్తే 770 గ్రాముల దగ్గర ఆగింది.

అక్కడితో సంగతంతా తేలిపోయింది. మూడు డబ్బాలంటే మేము రాసినట్టు 3 కిలోలు కాదు, 2 కిలోల 310 గ్రాములు. 15 కిలోల సంచిలో పదిహేను డబ్బాలు కాదు, పంతొమ్మిదిన్నర డబ్బాలు ఉంటాయి. పన్నెండు ముంచితే ఏడున్నర మిగలాలి, అన్నే మిగిలాయి. ఒక్క గింజ అటూ ఇటూ పోలేదు. చట్నీ పలచన కావడానికి కూడా కారణం మేమే. మనిషికి 25 గ్రాములకు బదులు 19 గ్రాములు ఇచ్చాం. 100 గ్రాముల పల్లీల్లో 25 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి, ఒక కోడిగుడ్డులో 6 గ్రాములకు కొంచెం ఎక్కువ. ఆ లెక్కన ప్రతి ఆదివారం హాస్టల్ మొత్తం మీద 28 గుడ్లంత బలం మా చేతులతో మేమే కోసేశాం, నేరం మాత్రం పెద్దమ్మ మీద వేశాం.

నలుగురం వెళ్లి క్షమించమన్నాం. 'సరేలే, వచ్చే వారం నుంచి నాలుగు డబ్బాలు ఇవ్వండి' అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆమె చెప్పిన లెక్క ఎంత సరైనదో ఆ తర్వాత వేసి చూసుకున్నాం. నాలుగు డబ్బాల పల్లీలు 3 కిలోల 80 గ్రాములు. అంటే బియ్యం మూడు డబ్బాలు ఎంత తూగుతాయో, పల్లీలు సుమారు నాలుగు డబ్బాలు అంత తూగుతాయి. స్టోరులో ఉండే తమ్ముళ్లు ఈ మూడుకు నాలుగు లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలా వరకు పని జరిగిపోతుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? గింజ బరువులో బియ్యానికీ పల్లీకీ తేడా ఉన్న మాట నిజం. బియ్యపు గింజ పిండిపదార్థంతో గట్టిగా ఉంటుంది, నీళ్లలో వేస్తే వెంటనే మునుగుతుంది. పల్లీలో దాదాపు సగం నూనె. నూనె నీటికంటే తేలిక కాబట్టి పల్లీ మొత్తం మీద దాదాపు నీటికి సమానమైన సాంద్రతతో ఉంటుంది. దానికి తోడు గింజల మధ్య ఖాళీ ఉంటుంది. గ్లాసు నిండా పల్లీలు పోస్తే నిండుగా కనిపిస్తుంది గానీ అందులో గాలి చాలా ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. 200 మిల్లీలీటర్ల గ్లాసులో అంచుకు సమంగా పల్లీలు పోసి, ఇంకో గ్లాసుతో నీళ్లు కొలిచి మెల్లగా పోయండి. పొంగకుండా 80 మిల్లీలీటర్ల దాకా పడతాయి. అంటే గ్లాసులో ఐదింట రెండు వంతులు ఖాళీయే. మిగిలిన మూడు వంతుల్లో ఉన్న గింజల బరువు సుమారు 125 గ్రాములు. కిలో పల్లీలు కావాలంటే అలాంటి గ్లాసులు ఎనిమిది పోయాలి. అదే గ్లాసుతో బియ్యం అయితే 160 గ్రాములు తూగుతాయి, ఆరుంబావు గ్లాసులకే కిలో అవుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు, మాకూ వచ్చింది. గింజ పెద్దదైతే మధ్యలో ఖాళీ ఎక్కువ ఉండదా అని. పల్లీల వ్యాపారంలో గింజ సైజును ఔన్సుకు ఎన్ని గింజలు తూగుతాయో లెక్కపెట్టి చెబుతారు. ఔన్సు అంటే 28 గ్రాముల పైచిల్లర. 50/60 రకం అంటే ఔన్సుకు యాభై నుంచి అరవై గింజలు, లావు రకం. 80/90 అంటే చిన్న గింజ. రెండింటినీ పెద్ద డబ్బాలో పోసి తూచితే తేడా చాలా కొద్దిగానే ఉంటుంది. గింజ పెద్దదైతే ఒక్కో ఖాళీ పెద్దది, కానీ ఖాళీల సంఖ్య తక్కువ. చిన్న టీ గ్లాసుతో కొలిస్తే మాత్రం తేడా తెలుస్తుంది, ఎందుకంటే గ్లాసు గోడల దగ్గర పెద్ద గింజలు సర్దుకోలేవు. కాబట్టి ఎక్కువ మొత్తం కొలవాలంటే పెద్ద పాత్రతో కొలవడమే మంచిది.

గింజ సైజుకంటే పోసే చేయి ఎక్కువ తేడా తెస్తుంది. ఒకే గ్లాసుతో మేము మూడు రకాలుగా పోసి చూశాం. మెల్లగా పోసి అంచుకు సమంగా చేత్తో తుడిస్తే 122 గ్రాములు. పోసేటప్పుడు రెండుసార్లు నేలకు తట్టి సర్దితే 129. గోపురంలా పైకి పోస్తే 150. గ్లాసు అదే, పల్లీలు అవే, మనిషి కూడా ఒకడే. 'రెండు గ్లాసులు' అని ఎవరైనా చెప్పినప్పుడు సమంగానా, గోపురంలా పోశా అని అడగాల్సింది అందుకే.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో ఇప్పటికీ అమ్మమ్మలు సోలెడు, తవ్వెడు, మానెడు అనే అంటారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఇవన్నీ పాత్రతో కొలిచే కొలతలు. ధాన్యం, పప్పులు, గింజలు వీటితో కొలిచేవారు. కొలిచే మనిషి మొదటిది ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెట్టి రెండు, మూడు అనేవాడు. బెల్లం, చింతపండు, మిరపకాయలు, పత్తి లాంటివి పాత్రలో సరిగా కూర్చోవు కాబట్టి వాటికి తూకం. తులం, పలం, వీశె, మణుగు, బారువ తూకపు లెక్కలు. మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. వీశె ఇప్పటి లెక్కలో కిలో 400 గ్రాములు.

కొలతకు ఒక పద్ధతి, తూకానికి ఒక పద్ధతి. ఒకదాన్ని ఇంకోదానితో కలపాల్సిన పని ఇంట్లో పెద్దగా వచ్చేది కాదు. మానెడు బియ్యానికి గిద్దెడు పల్లీలు అన్నారంటే రెండూ పాత్ర కొలతలే, పదహారో వంతు. తూకం అక్కర్లేకుండానే వంట కుదిరేది. చిక్కల్లా ఊరు మారితే మానిక సైజు కూడా మారడం. 1956లో కేంద్ర ప్రభుత్వం చట్టం తెచ్చి మెట్రిక్ తూనికలు, కొలతలు ప్రవేశపెట్టింది. 1960ల మొదటికి కిలో రాయి దేశమంతా వచ్చింది. దుకాణంలో పల్లీలు కూడా కిలోల్లోకి మారాయి, వంటింట్లో మాత్రం గ్లాసు అలాగే ఉండిపోయింది. మా డాల్డా డబ్బా గొడవ కూడా అక్కడ పుట్టిందే. పాత్ర మీద తూకం పేరు రాశారు, ఏ సరుకు తూకమో రాయలేదు.

ఇంట్లో కాటా లేనివాళ్లు ఏం చేయాలి అని మా చెల్లెళ్లు, భార్యలు అడిగిన ప్రశ్న. కాటా అక్కర్లేదు. ముందు మీ గ్లాసు ఎంత పడుతుందో తెలుసుకోండి. లీటరు నీళ్ల సీసా తీసుకుని ఎన్ని గ్లాసులు నిండుతాయో చూడండి. ఐదు నిండితే గ్లాసు 200 మిల్లీలీటర్లది, నాలుగు నిండితే 250. తర్వాత షాపులో సీలు వేసి అమ్మే అరకిలో పల్లీల ప్యాకెట్టు విప్పి అదే గ్లాసుతో అంచుకు సమంగా కొలవండి. నాలుగు గ్లాసులు వస్తే మీ గ్లాసు 125 గ్రాములది. ప్యాకెట్టు మీద ఉన్న నికర బరువే మీ తూకపు రాయి. ప్రతి సరుకుకూ ఒక్కసారి ఇలా చేసి, అల్మారా తలుపు లోపలి వైపు రాసిపెట్టుకుంటే మళ్లీ కొలవాల్సిన పని లేదు. నువ్వులు దాదాపు పల్లీల్లాగే తూగుతాయి. పంచదార బియ్యంకంటే కాస్త బరువు. మరమరాలు పోసి చూశాం, మన కిలో డబ్బా నిండా పోసినా 100 గ్రాములు కూడా తూగలేదు.

పండక్కి జీడిపప్పు, బాదం కొనేవాళ్లకు ఇంకో నాలుగు మాటలు. ఇవి ఖరీదైనవి కాబట్టి ఒక్కో గ్లాసు తేడా వందల రూపాయల్లో ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో బాదం గింజలు సుమారు 120 గ్రాములు, జీడిపప్పు 115, ఒలిచిన పిస్తా 105. అక్రోటు మాత్రం వంకర టింకరగా ఉంటుంది కాబట్టి 85 దగ్గరే ఆగిపోతుంది. జీడిపప్పు గుండ్లను పౌనుకు ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి గ్రేడు కడతారు. పలాస, వేటపాలెం, మోరి వైపు ఫ్యాక్టరీల్లో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే మాటలు వినిపించేది అందుకే. పౌను అంటే 454 గ్రాములు. 320 రకం అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు, ఒక్కో గుండు గ్రామున్నరకు కాస్త తక్కువ. పాయసంలో మనిషికి మూడు గుండ్లు రావాలంటే 100 మందికి సుమారు 430 గ్రాములు. బద్దలు తీసుకుంటే అదే బరువుకు రెట్టింపు ముక్కలు వస్తాయి, ధర కూడా తగ్గుతుంది. పాయసంలో ఎవరూ గుండా, బద్దా అని చూడరు.

ఇప్పుడు అసలు తిరకాసు. పల్లీలు ఎప్పుడు కొలిచారు, వేయించకముందా, వేయించాకా? కిలో పచ్చి పల్లీలు దోరగా వేయించి, పొట్టు నలిచి, చెరిగితే మాకు 920 గ్రాములు వచ్చాయి. గింజలో ఉన్న తేమ కొంత పోతుంది, పొట్టు కొంత పోతుంది. పుచ్చులు, బూజు పట్టినవి ఏరి పారేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. వాటిని ఏరడంలో లోభం వద్దు, బూజు పట్టిన పల్లీలో విషపదార్థం ఉంటుంది, అది వేయించినా పూర్తిగా పోదు. విచిత్రం ఏమిటంటే పొట్టు తీసిన పల్లీలు గ్లాసులో పోస్తే బరువు దాదాపు పచ్చివాటంతే ఉంటుంది, 125 దగ్గరే. తగ్గేది గ్లాసుల సంఖ్య. పచ్చివి ఎనిమిది గ్లాసులు వేయిస్తే ఏడున్నరకు కాస్త తక్కువ వస్తాయి. కాబట్టి వంటలో 'వేయించిన పల్లీలు కిలో' అని ఉంటే, స్టోరులోంచి కిలో వంద గ్రాములు తీయాలి.

కాయలతో కొన్నప్పుడు లెక్క వేరు. ఎండిన శనక్కాయలు కిలో వలిస్తే సుమారు 700 గ్రాముల గింజలు వస్తాయి, మిగతాది తొక్క. కిలో గింజలు కావాలంటే కిలో 430 గ్రాముల కాయలు కొనాలి. పొలంలోంచి అప్పుడే పీకిన పచ్చికాయలో నీళ్లు చాలా ఉంటాయి, దానికి ఈ లెక్క పనిచేయదు. ఉడకబెట్టుకుని తినేయడమే దానికి మర్యాద. రాత్రంతా నానబెట్టిన పల్లీలు కూడా అంతే, నీళ్లు తాగి బరువెక్కుతాయి. నానాక తూచి మనిషికింత అని పంచితే నీళ్లు పంచినట్టే. పంపకం లెక్క ఎప్పుడూ పొడిగింజ మీదే వేయాలి.

పొడి కొడితే ఇంకో వింత. రోట్లో దంచిన పల్లీ పొడిని వదులుగా గ్లాసులో పోస్తే గింజలకంటే తక్కువ తూగుతుంది, పొడి రేణువుల మధ్య గాలి నిలబడుతుంది కాబట్టి. అదే పొడిని గరిటెతో అదిమితే గ్లాసులో చాలా దిగిపోతుంది. ఇంకా రుబ్బితే నూనె ఊరి ముద్ద అవుతుంది, గాలికి చోటుండదు. అప్పుడు 200 మిల్లీలీటర్ల గ్లాసులో 215 గ్రాముల పైన పడుతుంది. ఒక గ్లాసు గింజలకూ ఒక గ్లాసు ముద్దకూ మధ్య తేడా 90 గ్రాములు! గ్లాసు పల్లీలు రుబ్బి కూరలో వేయమంటే, గ్లాసు ముద్ద వేయమన్నట్టు కాదని వంటింట్లోకి కొత్తగా అడుగుపెట్టిన తమ్ముళ్లు గమనించాలి. మేము బ్యాచిలర్ రూములో ఉన్నప్పుడు గుత్తి వంకాయ కూర ఇలాగే పాడుచేశాం.

చిక్కీ చేసేవాళ్లు బెల్లాన్ని గ్లాసుతో కొలవకండి. గడ్డ కొడితే ఒకసారి పెద్ద ముక్కలు, ఒకసారి పొడి వస్తుంది, రెండు గ్లాసులూ ఒకలా తూగవు. పాత రోజుల్లో బెల్లానికి తూకమే పెట్టింది ఊరికే కాదు. మా పెద్దమ్మ లెక్క కిలో పల్లీలకు ముప్పావు కిలో బెల్లం. 2020 జనవరిలో బడి మధ్యాహ్న భోజనంలో చిక్కీ చేర్చినప్పుడు మా బ్యాచి వాళ్లు కొందరు ఫోన్లు చేసుకుని మరీ ఆ సంగతి తలుచుకున్నారు.

బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకో ఇబ్బంది. మా బ్యాచిలో ఒకడు అమెరికాలో ఉంటున్నాడు. వాడికి ఇక్కడి చట్నీ కొలత గ్లాసుల్లో చెబితే అక్కడి కప్పుతో వేసి, కుదరలేదని ఫోను. అక్కడి కప్పు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250, జపాన్ కప్పు 200. పల్లీలు అమెరికా కప్పుకు 146 గ్రాములు తూగుతాయి. మన 200 గ్లాసు ఆరు అంటే అక్కడి కప్పులు ఐదు. పెద్ద చెంచా కూడా అంతే, చాలా దేశాల్లో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. అందుకే వాడికి ఇప్పుడు గ్రాముల్లోనే చెబుతున్నాం.

చివరగా ఈ వార్షికోత్సవం పులిహోర. పూర్వ విద్యార్థులు, పిల్లలు, పెద్దలు కలిపి 400 మంది వస్తారని అంచనా వేసి, మిగతా వంటలతో పాటు పులిహోరకు 25 కిలోల బియ్యం అనుకున్నాం. పల్లీలు ఎన్ని అని వంటవాళ్లను అడిగితే 'గ్లాసు బియ్యానికి గుప్పెడు' అన్నారు. గుప్పెడును కిలోల్లోకి మార్చడం ఎలా? మా ఇళ్లల్లో నలుగురి గుప్పెళ్లూ పట్టి లెక్కపెట్టాం, సగటున 58 గింజలు వచ్చాయి, బరువు 30 గ్రాములు. 25 కిలోల బియ్యం అంటే 200 గ్లాసుతో 156 గ్లాసులు. 156 గుప్పెళ్లు అంటే 4 కిలోల 700 గ్రాముల పల్లీలు. గ్లాసులతో కొలిస్తే ముప్పై ఏడున్నర, పాత డాల్డా డబ్బా ఇంకా గూట్లో ఉంటే దానితో ఆరు డబ్బాల పైన కొంచెం. ఐదు డబ్బాలు ముంచి ఐదు కిలోలని రాసుకోకండి. ఇండెంటులో మాత్రం 5 కిలోలే రాశాం. వేయించేటప్పుడు పొయ్యి చుట్టూ ఎంతమంది నిలబడి తింటారో మాకు తెలుసు, అప్పట్లో అక్కడ నిలబడింది మేమే.